రంగుకు ముందు చేసే పని

బస్సుల బాడీలు కట్టే ఆ షెడ్డులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ లేరు. యజమాని దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరికీ ఆయన గన్ను మేస్త్రి. గన్ను అంటే రంగు చిమ్మే గన్ను. ముప్పై నాలుగేళ్లుగా అది ఆయన కుడిచేతిలోనే ఉంది. చూపుడు వేలు ఊరికే ఉన్నప్పుడు కూడా కాస్త వంగే ఉంటుంది. టీ గ్లాసు పట్టుకున్నా బావ ట్రిగ్గరు నొక్కుతున్నట్టే ఉంటాడని బావమరిది ఎగతాళి చేస్తాడు.

ఆ పని ఆయనకు ఎవరూ నేర్పలేదు. పదహారేళ్లప్పుడు షెడ్డులో బస్సులు కడగడానికి చేరాడు. అప్పటి పెద్ద పెయింటరు రంగు కలిపే వేళకి అందర్నీ బయటికి పంపి తలుపు గడియ పెట్టుకునేవాడు. తన పనితనం ఇంకొకరి కంట పడకూడదని ఆ పెద్దమనిషి పంతం. మేస్త్రి బతిమాలలేదు. ఆ పెయింటరే ఎప్పుడో రంగు వేసిన పాత బస్సులు మళ్లీ గీకుడుకు వచ్చేవి కదా, వాటి నుంచి రాలిన పెచ్చుల్ని ఏరి జేబులో వేసుకునేవాడు. ఇంటికి వెళ్లి బ్లేడుతో నిలువుగా కోసి, వెలుతురులో అంచు చూసేవాడు. అడుగున ఎర్రమట్టి రంగు ప్రైమరు. దాని మీద బూడిద రంగు లప్పం. దాని మీద సన్నని తెల్లపొర. ఆ పైన అసలు రంగు. ఏ పూత మీద ఏ పూతో, ఏది ఎంత మందమో అంతా ఆ అంచులో రాసిపెట్టినట్టు కనపడేది.

అప్పుడే ఆయనకు ఒక సంగతి తెలిసొచ్చింది. బయట అందరూ ఆహా ఓహో అనే రంగు కాగితమంత మందం కూడా ఉండదు. దాని కింద ఉన్నదంతా ఎవరూ చూడని చాకిరీ. తుప్పు గీకడం, గుంటలు పూడ్చడం, గరుకు కాగితంతో రుద్దడం, కడగడం, ఆరబెట్టడం, మళ్లీ రుద్దడం. పదిరోజుల పనిలో తొమ్మిది రోజులు అదే.

అందుకే తన చేతికి గన్ను వచ్చాక కూడా రేకును కళ్లతో నమ్మేవాడు కాదు. కళ్లు మూసుకుని అరచేతిని మెల్లగా జరుపుకుంటూ పోయేవాడు. కంటికి అద్దంలా ఉన్నచోట చెయ్యి టక్కున ఆగేది. "ఇక్కడ" అనేవాడు. రుద్దినవాడు గొణుక్కుంటూ మళ్లీ కాగితం తీసేవాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇవాళ నాలుగు షెడ్లలో పెద్ద పెయింటర్లు. ఆయన ఏ రోజూ తలుపు గడియ పెట్టలేదు.

పోయిన ఏడాది ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొడుగు బస్సు ఆఖరి పూతకు వచ్చింది. ఈ ఆఖరి పూతకు ఒక నియమం ఉంది. వెనక చివర మొదలుపెడితే ముందు చివర దాకా ఆగకూడదు. వేసిన పట్టీ ఆరకముందే తర్వాతి పట్టీ దాని తడి అంచు మీద పడాలి. మధ్యలో ఆగితే అతుకు తేలుతుంది. ఎండలో నిలబెడితే బస్సుకు బెల్టు కట్టినట్టు కనపడుతుంది.

ఆ రోజు మేస్త్రి ఆరో కిటికీ దగ్గర ఆగిపోయాడు.

ఛాతీలో ఏదో జారినట్టయింది. తర్వాత గుండె ఒక పద్ధతీ పాడూ లేకుండా కొట్టుకోవడం మొదలుపెట్టింది. రెండు దెబ్బలు గబగబా, ఒకటి ఆలస్యంగా, ఆ పైన అన్నీ కలగాపులగంగా. ఇది కొత్త కాదు. ఆరు నెలలుగా వస్తూ పోతూ ఉంది. ఎవరికీ చెప్పకుండా నెట్టుకొస్తున్నాడు. ఈసారి కాళ్లలో సత్తువ పోయింది. గన్ను కింద పెట్టి, రంగు డబ్బా మీద కూలబడ్డాడు.

పక్క షెడ్డులో రేకులు సాపు చేసే బావమరిది సుత్తి పారేసి పరిగెత్తుకొచ్చాడు. నలుగురూ పట్టుకుని కారెక్కిస్తుంటే, మొహం తెల్లబారిపోయి చెమటలు కారుతున్న మనిషి వెనక్కి తిరిగి బస్సునే చూస్తున్నాడు.

"అతుకు తేలింది. మొత్తం గీకెయ్యమని చెప్పు."

"నీ బతుకు సంగతి చూడు బావా ముందు!"

"గీకెయ్యమని చెప్పరా."

చెప్పేదాకా కారు తలుపు వెయ్యనివ్వలేదు.

గుండె డాక్టరమ్మ పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. మాటలు కూడా అలాగే ఉంటాయి. కాగితం మీద గీతలు చూపించింది. గుండె పైగదులు రెండూ సరిగ్గా కొట్టుకోవడం మానేసి వణుకుతున్నాయంది. రక్తం గడ్డ కట్టకుండా మాత్రలు రాసింది, ఒక్కపూట కూడా మానొద్దంది. ఆ తర్వాత అసలు వైద్యం చెప్పింది. గజ్జ దగ్గర నరంలోంచి సన్నని తీగ పంపిస్తారు. గుండె లోపల తప్పుడు సంకేతాలు పుట్టే చోట్లని చిన్నచిన్న చుక్కలుగా కాలుస్తారు. కోత ఉండదు.

"ఎప్పుడు చేస్తారమ్మా?" అన్నాడు మేస్త్రి.

"మీరు సిద్ధమైనప్పుడు."

"నేనిప్పుడే సిద్ధం. మంచం ఎక్కడో చూపించండి."

"మీరు సిద్ధమేనండీ. మీ ఒళ్లు సిద్ధంగా లేదు."

ఆమె వేళ్లు మడవలేదు, భయపెట్టలేదు. ఉన్నదున్నట్టు చెప్పింది. బరువు తొంభై ఆరు కిలోలు, అది ఎనభై ఆరుకి రావాలి. బీపీ దిగాలి. మందు తాగడం పూర్తిగా మానాలి. రోజూ నడవాలి. ఆ తర్వాత మేస్త్రి భార్య వైపు తిరిగింది.

"గురక పెడతారా?"

భార్య బట్టలు కుట్టే మనిషి. మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది, ఆ రోజు ఆసుపత్రికి కూడా అలాగే వచ్చేసింది. "గురకా అమ్మా? ఇంట్లో కంప్రెసరు పెట్టారా అని అడిగారు పక్కింటివాళ్లు," అంది. అని నవ్వబోయి ఆగింది. "గురకకి నేను భయపడనమ్మా. మధ్యలో ఆగిపోతుంది చూడండి, దానికి భయం. లేచి కూర్చుని, మళ్లీ ఎప్పుడు మొదలెడతాడా అని చూస్తూ ఉంటా."

మేస్త్రి ఆమె వైపు తిరిగి చూశాడు. ఈ మాట ఆమె ఆయనతో ఎప్పుడూ అనలేదు.

"అదే. నిద్రలో ఊపిరి ఆగుతోంది. దానికొక పరీక్ష చేసి మిషను ఇస్తాం," అంది డాక్టరమ్మ.

"కాలిస్తే పోయేదానికి ఇవన్నీ ఎందుకమ్మా? ఆపరేషను మీది, చాకిరీ నాదా?"

"కావాలంటే రేపే కాల్చి పంపిస్తాను. ఏడాది తిరక్కుండా చాలామంది మళ్లీ వస్తారు. బరువు, బీపీ, మందు, నిద్రలో ఊపిరాడకపోవడం, మీ గుండెను ఈ స్థితికి తెచ్చినవే ఇవి. వాటిని అలాగే ఉంచి, నేను లోపల ఎంత బాగా చేసినా నిలవడం కష్టం."

మేస్త్రి గీతల కాగితం పక్కకు జరిపి, "తుప్పు మీద రంగెయ్యనంటారు. అంతేగా?" అన్నాడు.

డాక్టరమ్మ రాస్తున్న కలం ఆపింది. "మీరేం పని చేస్తారు?"

చెప్పాడు.

"అయితే మీకు నేను చెప్పేదేం లేదు. నాలుగు నెలల తర్వాత రండి. తయారైతే డేటు ఇస్తాను. అప్పటిదాకా మాత్రం గన్ను పట్టుకోవద్దు."

మిగతావన్నీ ఒక ఎత్తు, ఆ చివరి మాట ఒక ఎత్తు. పన్నెండు మీటర్ల బస్సును ఆగకుండా చుట్టివచ్చే మనిషిగా మళ్లీ నిలబడతాడా, లేకపోతే స్టూలు మీద కూర్చుని వేలు చూపించే ముసలాడిగా మిగిలిపోతాడా అన్నది ఇప్పుడు తన ఒంటి మీద తను చేసుకునే పనిని బట్టే ఉంది.

మర్నాడు షెడ్డు నుంచి ఒక ఖాళీ జాబు కార్డు తెచ్చాడు. బస్సు లోపలికి రాగానే ఏమేం పనులున్నాయో రాసి అద్దానికి అంటించే కార్డు అది. బండి నంబరు ఉండాల్సిన చోట ఏం రాయాలో తోచక తన వయసు రాసుకున్నాడు, యాభై నాలుగు. కింద బరువు, బీపీ, నడక, మందు, మాత్ర అని గళ్లు గీశాడు. వంటింటి తలుపు వెనక అంటించాడు.

"ఇదేంటయ్యా?" అంది భార్య.

"బండి లోపలికొచ్చింది. పని మొదలైంది."

"నంబరు ప్లేటు కూడా కడతావా?"

మొదటి శనివారం సాయంత్రం బావమరిది చేతిసంచీతో వచ్చాడు. సంచీలో ఏముందో ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇరవయ్యేళ్లుగా శనివారాలు అలాగే గడిచాయి.

"బావా, ఇవాళ శనివారం."

"అయితే?"

"శనివారమంటే తెలీదా?"

"తెలుసు. ఆదివారానికి ముందు రోజు."

"ఒక్క గుక్క. డాక్టరమ్మ ఏమన్నా గోడ మీద కూర్చుందా?"

"ఆవిడ కూర్చోలేదు. కార్డు కూర్చుంది." తలుపు వెనక వైపు చూపించాడు. "అందులో అబద్ధం రాస్తే అది నా కార్డు కాదు."

బావమరిది కార్డు కేసి చూశాడు, అక్క కేసి చూశాడు, సంచీ తీసుకుని వెళ్లిపోయాడు. వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చి, "కనీసం టీ అన్నా ఇస్తారా, అదీ కార్డులో లేదా?" అన్నాడు. టీ ఇచ్చారు. పంచదార లేకుండా. ఒక గుటక వేసి, "అక్కా, నేనేం తప్పు చేశానని?" అన్నాడు.

నడక షెడ్డు ప్రహరీ చుట్టూ. మొదటి రోజు రెండో మూల దాకా వెళ్లేసరికి ఆయాసం వచ్చి గోడకు ఆనుకున్నాడు. గేటు కాపలా మనిషి కుర్చీ తెచ్చాడు. "వద్దు. రేపు మూడో మూల," అన్నాడు. మర్నాడు మూడో మూల దాకా వెళ్లి అక్కడ ఆనుకున్నాడు. నెల తిరిగేసరికి చుట్టు పూర్తయింది. రెండో నెలలో మూడు చుట్లు. షెడ్డులో పదకొండింటికి వచ్చే నూనె వేపుళ్ల పళ్లెం ఆయన ముందు నుంచే వెళ్లేది. మొదట్లో కళ్లు దాని వెనకే వెళ్లేవి. తర్వాతర్వాత వాసన మాత్రమే వెళ్లేది.

బరువు తూచే మిషను ఏం చెప్పినా భార్య నమ్మేది కాదు. ఆమెకు టేపే ప్రమాణం. పదిహేను రోజులకొకసారి నిలబెట్టి నడుము చుట్టూ టేపు వేసేది.

"ఊపిరి బిగబట్టకు."

"బిగబట్టలేదే."

"నాకు తెలీదా? వదులు... ఆఁ. అంగుళమున్నర తగ్గింది."

అప్పటికప్పుడు ప్యాంటు విప్పించి, నడుము దగ్గర కుట్లు ఊడదీసి, లోపలికి మడిచి కుట్టేది. నోట్లో దారం పట్టుకుని ఉండేది కనుక ఏమీ అనేది కాదు. కానీ ఆ కుట్టు చూస్తే తెలిసిపోయేది. పెళ్లికూతురి బట్టలకు వేసేంత సన్నని కుట్టు.

నిద్ర పరీక్ష అయ్యి మిషను చేతికొచ్చేసరికి మూడో నెల దాటింది. చిన్న పెట్టె, పొడుగాటి గొట్టం, చివర ముక్కుకు పెట్టుకునే మాస్కు. పెట్టె గాలిని ఒత్తిడితో పంపిస్తే గొంతు మూసుకుపోకుండా ఉంటుంది. మిషన్లు చూసే అమ్మాయి అంతా చెప్పింది. అలవాటు కావడానికి మధ్యాహ్నం పూట కూడా కాసేపు పెట్టుకోమంది. మాస్కు ఎలా పెట్టుకోవాలో చూపించబోతే మేస్త్రికి నవ్వొచ్చింది. "మాస్కు నాకు చూపిస్తావా అమ్మాయ్? నా వయసులో సగం మాస్కులోనే గడిచింది," అన్నాడు. ఆ మాటతో ఆమె చెప్పేది సగంలోనే ఆగిపోయింది.

ఆదివారం భోజనమయ్యాక మాస్కు పెట్టుకుని పడుకున్నాడు. పెట్టెలో మోటారు తిరిగింది. గాలి వచ్చింది. దాంతోపాటే ముక్కు ముందు సన్నగా ఒక శబ్దం. స్స్స్ అని.

రంగు పనివాడికి ఆ శబ్దం కంటే పెద్ద తిట్టు లేదు. గాలి పైపులో ఎక్కడన్నా స్స్స్ మందంటే గన్నులో ఒత్తిడి తగ్గుతుంది, రంగు చుక్కలు చుక్కలుగా పడుతుంది. షెడ్డులో ఆ శబ్దం వినపడితే మేస్త్రి పని మొత్తం ఆపించి, లీకు కనిపెట్టేదాకా ఊరుకోడు. లేచి కూర్చున్నాడు. గిన్నెలో సబ్బు నురగ కలిపి, బ్రష్షుతో మాస్కు చుట్టూ రాశాడు. పైపుల లీకు పట్టుకునే పద్ధతే అది. మాస్కు ముందు భాగంలో బుడగలు లేచాయి. కళ్లజోడు పెట్టుకుని చూస్తే సూదిమొనంత చిల్లులు, వరసగా పద్నాలుగు.

"చూశావా కంపెనీవాడి పనితనం! కొత్త సామానుకి పద్నాలుగు చిల్లులు!"

భార్య వాడే చిన్న కత్తెర తీసుకుని, రంగు పడకూడని చోట అంటించే మాస్కింగ్ టేపును గుండ్రంగా కత్తిరించాడు. చిల్లుల మీద అంటించి గోటితో అంచులు నొక్కాడు. దాని మీద ఇంకో పొర. మళ్లీ సబ్బు నురగ రాశాడు. ఒక్క బుడగ లేదు. చప్పుడు లేదు. తన పని తనే మెచ్చుకుంటూ హాయిగా పడుకున్నాడు. మర్నాడు షెడ్డులో అందరికీ చెప్పాడు, "డాక్టర్ల సామాను కూడా మన చెయ్యి పడితే గానీ సరిగ్గా లేదు," అని.

ఆ తర్వాత రోజూ లేచేసరికి తలనొప్పి. మామూలు నొప్పి కాదు, నుదుటి లోపల లప్పం గడ్డ కట్టినట్టు. నడకలో మూడు చుట్లు రెండుకి దిగాయి. తగ్గుతూ వచ్చిన బీపీ మళ్లీ పైకి లేచింది. గుండె రెండుసార్లు పాత గంతులు వేసింది. మేస్త్రి కార్డు ముందు నిలబడి గళ్లన్నీ ఒక్కొక్కటే చూశాడు. తప్పు ఎక్కడుందో అంతు చిక్కలేదు.

"నువ్వు కూరలో ఉప్పు వేస్తున్నావ్," అన్నాడు చివరికి.

"నేనా? నా వంటకి భయపడి నా తమ్ముడు గుమ్మం తొక్కడం మానేశాడు. ఉప్పంట ఉప్పు! డబ్బా మూత తుప్పు పట్టింది, పో, చూసుకో."

పన్నెండు రోజులు అలా గడిచాయి. పదమూడో రోజు మిషను చూపించడానికి వెళ్లారు. ఆ అమ్మాయి పెట్టెలోని చిప్పు తీసి కంప్యూటరుకి పెట్టి, తెర కేసి చూస్తూ కనుబొమలు ముడిచింది.

"అంకుల్, లీకు సున్నా చూపిస్తోంది."

"అవును మరి," అన్నాడు మేస్త్రి ఛాతీ కాస్త ముందుకు పెట్టి.

"అసలు సున్నా ఎవరికీ రాదు. మాస్కు తెచ్చారా?"

తీసి ఇచ్చాడు. టేపు అంచు ఎక్కడుందో కూడా తెలియనంత నున్నగా ఉంది. ఆమె తిప్పి తిప్పి చూసింది. వేలు పెట్టి తడిమింది. మొహంలో రంగులు మారాయి.

"ఈ చిల్లులు ఎవరు మూశారు?"

"నేనే. పద్నాలుగున్నాయి. నీకు చెప్పలేదా ఎవరూ?"

"అంకుల్! అవి లీకులు కావు. మీరు వదిలిన గాలి బయటికి పోవడానికి కంపెనీ పెట్టినవి. ఇన్ని రోజులూ మీరు వదిలిన ఊపిరే మళ్లీ పీలుస్తున్నారు! తలనొప్పి లేదా మీకు?"

భార్య గబుక్కున ఆయన వైపు తిరిగింది. "ఉప్పా?" అంది. అంతే అంది.

మేస్త్రి ఆ మాస్కు కేసి చూస్తూ ఉండిపోయాడు. రంగు గదిలో గోడంత ఫ్యాను ఒకటుంటుంది, ఆవిర్లు బయటికి లాగడానికి. చలేస్తోందనో, చప్పుడనో ఆ ఫ్యాను ఆపినవాణ్ణి ఆయన ఆ క్షణమే గదిలోంచి బయటికి పంపేవాడు. మళ్లీ రానిచ్చేవాడు కాదు. అలా ఇద్దర్ని పంపేశాడు. వాళ్లు తెలియక చేశారు. తను మాత్రం ఒక పిల్ల చెప్పబోతుంటే మధ్యలో నవ్వి చేశాడు.

"నా తప్పే అమ్మాయ్," అన్నాడు. "నువ్వు ఆ రోజు చెప్పబోయావ్. నేనే వినలేదు. ఇప్పుడు మొదట్నుంచి చెప్పు. నాకేం తెలీదనుకుని చెప్పు."

ఆమె కొత్త మాస్కు తీసి చెప్పింది. బెల్టు ఎంత బిగించాలి, నీళ్లు ఎంత పొయ్యాలి, ఎలా కడగాలి, ఏ శబ్దం ఉండాలి, ఏది ఉండకూడదు. మధ్యలో ఒక్కసారి కూడా నోరెత్తకుండా విన్నాడు. అంతా అయ్యాక ఆమె చెప్పింది చెప్పినట్టు తిరిగి అప్పజెప్పాడు.

డాక్టరమ్మ దగ్గరికి ఆ రోజే వెళ్లారు. దాచిపెడితే ఆమెకు తెలిసేది కాదు. కూర్చోగానే ఆయనే ముందు చెప్పాడు, పద్నాలుగు చిల్లులు, రెండు పొరల టేపు, పన్నెండు రోజులు. డాక్టరమ్మ నవ్వలేదు. ఒంట్లో రక్తం, ఊపిరి, గుండె అన్నీ మళ్లీ చూసి, ప్రమాదమేమీ లేదని తేల్చుకున్నాకే నవ్వింది.

"మూడు వారాల్లో ఒక డేటు ఖాళీ ఉంది," అంది. "మీ బరువింకా రెండు కిలోలు దిగాలి. బీపీ ఈ టేపు వల్ల పెరిగిందో, అసలే తగ్గలేదో ఇప్పుడే చెప్పలేను. ఇది వద్దనుకుంటే తర్వాతది ఏడు వారాల తర్వాతే. దేనికైనా నాకు అభ్యంతరం లేదు. మీరు ఇంతదూరం వచ్చారు, ఇప్పుడు చేసినా మొదటి రోజు మీద చాలా నయం."

ఏడు వారాలంటే ఇంకో యాభై రోజులు స్టూలు మీద. షెడ్డులో పెద్ద పని మొదలైంది, ఒకే రంగు బస్సులు ఎనిమిది. యజమాని రోజూ అడుగుతున్నాడు. మేస్త్రి వంగిన చూపుడువేలు మోకాలి మీద రెండుసార్లు కదిలింది.

"ఏడు వారాలే ఇవ్వండమ్మా," అన్నాడు. "ఈ పన్నెండు రోజులూ లెక్కలోంచి తీసెయ్యండి. అవి చెయ్యని రోజులు."

విషయం తెలిసి బావమరిది తల పట్టుకున్నాడు. "ఇచ్చిన డేటు వద్దన్నవాణ్ణి నిన్నే చూశాను బావా. రెండు కిలోలు! రెండు కిలోలంటే ఎంతని? నా సుత్తి బరువు."

"ఆ సుత్తి నెత్తిన పెట్టుకుని నడువు, తెలుస్తుంది."

"నిజం చెప్పు, భయమా?"

"భయం కాదురా. లప్పం ఆరిందో లేదో తెలీనప్పుడు నేనెప్పుడైనా గన్ను తీశానా? చుట్టూ పదిమంది తొందరపెట్టినా తీశానా?"

బావమరిది మర్నాడు పొద్దున ప్రహరీ దగ్గర చెప్పులు టపటపలాడించుకుంటూ ప్రత్యక్షమయ్యాడు. "నీకు తోడుగా కాదు, నాకు పొట్ట పెరుగుతోందని," అన్నాడు. నాలుగో మూల దగ్గర మేస్త్రి కంటే ముందు అతనే గోడకు ఆనుకున్నాడు. గేటు కాపలా మనిషి కుర్చీ తెచ్చాడు. ఇతను మాత్రం కూర్చున్నాడు.

ఆ ఏడు వారాలూ మేస్త్రి షెడ్డుకు రోజూ వెళ్లాడు. ఎనిమిది బస్సుల్లో అయిదు ఆయన కళ్లముందే రంగు పూసుకుని బయటికి వెళ్లాయి. గన్ను రెండో పెయింటరు పట్టుకున్నాడు. మేస్త్రి కళ్లు మూసుకుని అరచేయి ఆనించి "ఇక్కడ" అనడం వరకే. మొదటి బస్సు ఎండలోకి వచ్చినప్పుడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. అతుకు లేదు. లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుంది, దాని పక్కనే పొంగు కూడా వచ్చింది. రెండో పెయింటరు భుజం తట్టి నడకకు వెళ్లిపోయాడు.

ఇంట్లో మాస్కు స్స్స్ మంటూనే ఉంది. తలనొప్పి మాయమైంది. పొద్దున లేచేసరికి ఒళ్లు తేలికగా ఉండటం ఎన్నేళ్లకో మళ్లీ తెలిసింది. తనకంటే ఎక్కువగా భార్య నిద్రపోతోందని గమనించాడు. ఆమె కళ్ల కింద నలుపు తగ్గింది. ఆ గడి కార్డులో లేదు. పెన్ను తీసుకుని అడుగున కొత్తగా ఒక గీత గీసి, "ఆమె నిద్ర" అని రాసి, టిక్కు పెట్టాడు. ఆమె చూసి చూడనట్టు ఊరుకుంది.

ఆఖరి వారం టేపు వేసి చూసి ప్యాంటు కుట్టనని పక్కన పడేసింది.

"ఏమే?"

"ఇంక లోపలికి మడవడానికి చోటు లేదు. మడిచిన గుడ్డే సగం ఉంది. కొత్తది కుడతా."

రెండు రోజుల్లో కుట్టింది. బూడిద రంగు, నిలువు మడత కత్తిలా ఉంది. అది వేసుకుని ఆసుపత్రి తూకం ఎక్కాడు. ఎనభై అయిదు కిలోల ఎనిమిది వందల గ్రాములు. బీపీ నూట ఇరవై ఆరు. నాలుగు నెలలు కాస్తా ఆరు నెలలైన ఆ కార్డును డాక్టరమ్మ ముందు పెట్టాడు. ఆమె మొదటి గడి నుంచి చివరి గడి దాకా చదివింది. ఆ పన్నెండు రోజుల గళ్ల మీద అడ్డంగా గీత కొట్టి "చెల్లదు" అని రాసి ఉంది. అక్కడ కాసేపు ఆగింది.

"ఇది నా దగ్గర ఉంచుకోవచ్చా?" అంది. "నా దగ్గరికి వచ్చేవాళ్లకు నోటితో చెబితే ఎక్కడం లేదు."

"ఉంచుకోండి. నూనె మరక ఒకటుంది, అది మా బావమరిదిది."

ఆపరేషను రోజు పొద్దున్నే మంచం మీద లోపలికి తీసుకెళ్లారు. చల్లటి గది, తెల్ల దీపాలు, నలుగురు మనుషులు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. ఒక నర్సు గజ్జ దగ్గర మందునీళ్లతో మధ్య నుంచి బయటికి గుండ్రంగా తుడిచింది. ఆ గుడ్డ పారేసి ఇంకో గుడ్డతో తుడిచింది. మూడోసారీ తుడిచి, ఆరేదాకా చేతులు కట్టుకుని నిలబడింది. తర్వాత అంచుకు జిగురున్న నీలం గుడ్డలు పరుస్తూ, అరచెయ్యంత చోటు తప్ప ఒళ్లంతా కప్పేసింది. మేస్త్రి తల కాస్త ఎత్తి అంతా చూస్తున్నాడు. మత్తు అప్పుడప్పుడే ఎక్కుతోంది.

"అమ్మా," అన్నాడు మెల్లగా, "ఆ కుడి మూల అంచు లేచింది."

నర్సు వంగి చూసింది. నిజమే, వెంట్రుకవాసి లేచింది. గోటితో నొక్కి సరిచేసింది. గాజు తలుపు అవతల చేతులు కడుక్కుంటున్న డాక్టరమ్మ, "ఏమంటున్నారు?" అని అడిగింది.

"మన పని తనిఖీ చేస్తున్నారు మేడం."

"ఆయన సరే అంటేనే మొదలుపెడదాం," అంది డాక్టరమ్మ.

మేస్త్రికి నవ్వొచ్చింది. ఇంతమంది ఇంత ఓపిగ్గా, తొందర లేకుండా, తన ఒంటి మీద ముందు పని చేస్తున్నారు. తనూ చెయ్యాల్సింది చేసే వచ్చాడు. ఇక్కడ తను అడుక్కోవడానికి వచ్చిన మనిషి కాదు. ఈ పనిలో ఒక పనివాడు. "సరే," అన్నాడు. నాలుక మందమైంది. కళ్లు మూతపడ్డాయి.

మూడు గంటల తర్వాత డాక్టరమ్మ బయటికి వచ్చి, బెంచీ మీద ఉన్న అక్కాతమ్ముళ్లతో చెప్పింది. అనుకున్నట్టే జరిగింది. చుక్కలన్నీ శుభ్రంగా పడ్డాయి. పూర్తిగా నిలిచిందని చెప్పడానికి మూడు నెలలు పడుతుంది. నడక, తిండి, మిషను, మాత్రలు అన్నీ అలాగే సాగాలి. గన్ను సంగతి నెలయ్యాక, మెల్లగా.

"నేను చూసిన గుండెల్లో ఇంత బాగా తయారై వచ్చినవి తక్కువ," అంది వెళ్తూ వెళ్తూ. మేస్త్రి భార్య చేతిలో టేపును చుట్టి విప్పి మళ్లీ చుట్టింది. ఆ మాట ఆ సాయంత్రం లోపల కనీసం ఆరుగురికి చెప్పింది. అందులో ఇద్దరు ఎవరో ఆమెకే తెలియదు.

గదిలోకి వెళ్లేసరికి మేస్త్రి వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆరు గంటలు కుడికాలు కదపొద్దన్నారు. మంచం పక్కన తెర మీద ఆకుపచ్చ గీత పరిగెడుతోంది.

"అమ్మా, దాన్ని కాస్త ఇటు తిప్పుతారా?" అని నర్సును అడిగాడు.

ఆమె తిప్పింది. ఎండలోకి తోసిన బస్సును చూసినట్టు ఒక కన్ను సగం మూసి, తల కాస్త పక్కకు వాల్చి చూశాడు. మిట్ట, సన్నని పల్లం, మళ్లీ మిట్ట. ఒకదానికొకటి సరిగ్గా ఒకే దూరం. అంత పొడుగునా ఎక్కడా తొట్రుపాటు లేదు. చాలాసేపు చూశాడు. లోపం వెతికి వెతికి ఇక దొరకదని తేల్చుకున్నాడు.

"పర్లేదు," అన్నాడు.

నర్సు మొహం చిన్నబోయింది. "అంతేనా?" అంది.

"మీకు తెలీదు సిస్టరుగారూ," అన్నాడు బావమరిది గర్వంగా, మంచం కాళ్ల వైపు నిలబడి. "ముప్పై నాలుగేళ్లలో మా బావ నోట ఆ మాట వచ్చిన బస్సులు మూడో, నాలుగో."

"రెండే," అన్నాడు మేస్త్రి, కాలు కదపకుండా.